ల్యాబ్ కంప్యూటర్ ఊరికే ఆగిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

కాలేజీల్లో కొత్త ల్యాబ్ ప్రారంభించినప్పుడు మీ జిల్లా పేజీలో ఫొటోలు వస్తుంటాయి. రిబ్బను, పూలదండ వేసిన యంత్రం, దాని పక్కన ఒక కంప్యూటర్. అలాంటి ఫొటో చూసిన ప్రతిసారీ నా కళ్లు ఆ కంప్యూటర్ వెనక గోడకున్న ప్లగ్గు మీదకే పోతాయి. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది. చోటు చాలకపోతే మిగతాది కుదించండి. నోటుపుస్తకం సంగతి, ఎర్త్ గుంత సంగతి మాత్రం ఉంచమని కోరుతున్నాను.

నేను గోదావరి జిల్లాల్లోని ఒక పీజీ కాలేజీలో, కెమిస్ట్రీ విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ చదివాను. కొన్నాళ్లు మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేసి 2001లో ఇక్కడికి వచ్చాను. అప్పుడు మా విభాగంలో ముగ్గురం టెక్నీషియన్లం ఉండేవాళ్లం. ఇద్దరు రిటైరయ్యారు. ఆ పోస్టుల్లోకి మళ్లీ ఎవరూ రాలేదు.

మా దగ్గర ఒక హెచ్‌పీఎల్‌సీ ఉంది. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ద్రావణంలో కలిసిపోయిన పదార్థాలను కాలమ్ అనే సన్నటి స్టీలు గొట్టంలోంచి గట్టి ఒత్తిడితో పంపి, విడదీసి, ఏది ఎంత ఉందో కొలిచే యంత్రం అది. మాత్రలో మందు ఎంత ఉంది, పసుపులో కర్కుమిన్ ఎంత ఉంది అన్నది దానితోనే తేలుతుంది. పంపు, శాంపిల్ అందించే ట్రే, డిటెక్టర్ అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఖరీదంతా వాటిదే. కానీ వాటికి ఎప్పుడు ఏం చేయాలో చెప్పేది, డిటెక్టర్ పంపిన గీతను దాచేది మాత్రం పక్కనున్న మామూలు కంప్యూటర్. ఆ కంప్యూటర్ ఆగితే లక్షల యంత్రం ఉండీ లేనట్టే.

2023 ఫిబ్రవరిలో మా పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి దుగ్గిరాల మార్కెట్ యార్డు నుంచి, చుట్టుపక్కల రైతుల నుంచి పసుపు కొమ్ములు తెచ్చి కర్కుమిన్ కొలుస్తోంది. 48 చిన్న సీసాలు, ఒక్కోదానికి 20 నిమిషాలు, మొత్తం 16 గంటలు. సాయంత్రం 5కి మొదలుపెట్టి వెళితే ఉదయం 9కి అయిపోవాలి. మర్నాడు నేను తాళం తీసేసరికి కంప్యూటర్ తెర మీద పాస్‌వర్డ్ అడిగే పేజీ ఉంది. అంటే రాత్రి ఎప్పుడో తనంతట తనే ఆగి మళ్లీ మొదలైంది. 19వ సీసా దగ్గర డేటా తెగిపోయింది. పంపు మాత్రం తిరుగుతూనే ఉంది. కాలమ్‌లోంచి పంపే అసిటోనైట్రైల్ అనే ద్రావకం సీసా అడుగంటింది. ఆ అమ్మాయి వచ్చి చూసి ఏమీ అనలేదు. ఖాళీ సీసాకి మూత బిగించి పక్కన పెట్టి, మళ్లీ పసుపు తూచడం మొదలుపెట్టింది. కర్కుమిన్ ద్రావణం వెలుతురులో నిలవదు. పాత సీసాలు దాచుకుని మళ్లీ వాడడం కుదరదు. రెండు రోజుల పని మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఆ తర్వాత అది అలవాటుగా మారింది. వారం రోజులు బాగుంటుంది. ఒకరోజు రెండుసార్లు ఆగుతుంది. ఒక్కోసారి కంప్యూటర్ బాగానే ఉంటుంది కానీ యంత్రంతో సంబంధం తెగిందని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. యంత్రం సర్వీసు చేసే ఇంజినీరును పిలిస్తే అరగంట చూసి, యంత్రంలో లోపం లేదు, కంప్యూటర్ మార్చండి అన్నాడు. కంప్యూటర్ షాపు అబ్బాయిని పిలిస్తే ర్యామ్ తీసి, పెన్సిల్ చెరిపే రబ్బరుతో దాని కాళ్లు రుద్ది మళ్లీ పెట్టి, హార్డ్‌వేర్ శుభ్రంగా ఉంది, ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే సరిగా లేదు అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి డబ్బా వాళ్లు చూశారు. రెండు డబ్బాల మధ్య ఉన్న తీగను, గోడలో ఉన్న కరెంటును చూడడం ఇద్దరి పనీ కాదు.

ఎనిమిది నెలల్లో మూడుసార్లు ఫార్మాట్ చేయించాం. ఫార్మాట్ అంటే మీ ఇంట్లో కంప్యూటర్‌కి చేసినట్టు కాదండీ. మెథడ్ ఫైళ్లు, కాలిబ్రేషన్లు, పోర్టు సెట్టింగులు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. పాత ఇన్‌స్టలేషన్ సీడీ గీతలు పడకుండా ఉంటేనే అది సాధ్యం. కొత్త ర్యామ్ కొన్నాం, కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మార్చాం. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం నేను స్వయంగా రాత్రంతా నడిపాను. ఒక్క తప్పూ చూపించలేదు. వైరస్ అనుకున్నాను. ఏసీ చాలక వేడెక్కుతోందనుకున్నాను. ఒక్కటీ కాదు. అన్నిటినీ ఒకేసారి మార్చడం వల్ల ఏది మార్చితే ఏమైందో కూడా తెలియకుండా పోయింది. అది నా తప్పే.

మందుల కంపెనీలో పనిచేసినప్పుడు ప్రతి యంత్రం పక్కన లాగ్ బుక్ ఉండేది. యంత్రం ఎవరు వాడారు, ఎప్పుడు ఆపారు, ఏ భాగం మార్చారు, అన్నీ సంతకంతో సహా రాయాల్సిందే. కాలేజీకి వచ్చాక నాకు ఆ అలవాటు పోయింది. ఇక్కడ ఎవరూ అడగరు, సంతకం చేయమనరు. మూడో ఫార్మాట్ తర్వాత వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని కంప్యూటర్ పక్కన దారంతో కట్టాను. తేదీ, నిమిషంతో సహా సమయం, ఆ క్షణంలో తెర మీద ఏం కనిపించింది, యంత్రంలో ఏం నడుస్తోంది, ఈ గదిలో, పక్క గదుల్లో ఇంకా ఏమేం ఆన్‌లో ఉన్నాయి, వానా ఎండా. ఇవీ గళ్లు. వాన గడి చూసి పిల్లలు ఇదెందుకు సార్ అన్నారు. పాత అలవాటు కొద్దీ గీశానే గానీ, అప్పటికి నాకూ తెలియదు.

అప్పటిదాకా ఆగిపోయినవన్నీ నా జ్ఞాపకం మీద ఆధారపడే ఉన్నాయి. అయితే ఒక ఉపాయం దొరికింది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. కంప్యూటర్ తనకు జరిగింది తనే రాసుకునే డైరీ అది. ఫార్మాట్‌కి ముందు ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఉంచాను. ఒక సెలవు రోజు కూర్చుని వాటిని, విద్యార్థుల రికార్డు పుస్తకాల్లోని తేదీలను పక్కపక్కన పెట్టుకుని, గడిచిన ఏడాది మొత్తాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించాను. ఆ రోజే మొదటి ముడి విడింది. మేం ఒకే జబ్బు అనుకున్నది మూడు జబ్బులు.

కొన్ని రాత్రులు డైరీలో 1074 అనే నంబరు ఉంది. ఎవరో కావాలని కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయించినప్పుడు పడే నంబరు అది. చేయించింది విండోస్ అప్‌డేట్. రాత్రిపూట మనం వాడడం లేదనుకుని అప్‌డేట్ పూర్తి చేసుకోవడానికి ఆపి మళ్లీ మొదలుపెట్టింది. మౌస్ ఎవరూ కదపకపోయినా రాత్రంతా పసుపు శాంపిళ్లు నడుస్తున్నాయని దానికి ఎలా తెలుస్తుంది? ఫిబ్రవరిలో 19వ సీసా దగ్గర తెగిన రాత్రి ఇదే జరిగింది. ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీగ తీసేశాం. డేటా బయటికి తీసుకెళ్లడానికి ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టాం. ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంకే కంప్యూటర్‌లో పెట్టినా ముందు వైరస్ స్కాన్ చేయాలని అట్ట మీద రాసి అంటించాం.

రెండో జబ్బు ఎర్ర అక్షరాలది. మా హెచ్‌పీఎల్‌సీ మాట్లాడే భాష ఆర్‌ఎస్-232. తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు. ఆ భాష 1960లో మొదటిసారి ప్రమాణంగా వచ్చింది, నేటికీ ఎన్నో ల్యాబ్ యంత్రాలు దాంతోనే నడుస్తున్నాయి. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టు లేదు. అందుకని యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిన్న కన్వర్టర్ పెట్టుకుంటాం. విండోస్ కరెంటు ఆదా కోసం కాసేపు పని లేని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది. ఒక సీసాకీ ఇంకో సీసాకీ మధ్య కాలమ్ కడిగేటప్పుడు తీగ మీద మాటలు తగ్గుతాయి. కన్వర్టర్ కునుకు తీస్తుంది. లేచేసరికి యంత్రం నుంచి జవాబు పోతుంది. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనేది ఆపేశాం. డివైస్ మేనేజర్‌లో ప్రతి హబ్‌కీ ఉండే, కరెంటు ఆదాకు దీన్ని ఆపవచ్చు అనే టిక్కు తీసేశాం. స్లీప్ కూడా నెవర్ అని పెట్టాం. కన్వర్టర్‌ను ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో పెడితే పోర్టు నంబరు మారిపోతుంది కాబట్టి ఆ రంధ్రం చుట్టూ ఎర్ర రంగు పూశాం. పైసా ఖర్చు లేదు. ఎర్ర అక్షరాలు మళ్లీ రాలేదు.

ఇక్కడ కన్వర్టర్ల గురించి ఒక మాట. రెండు వందలకు దొరికేవాటిలో నకిలీ చిప్‌లు చాలా ఉంటాయి. 2014 అక్టోబర్‌లో ఎఫ్‌టీడీఐ అనే చిప్ కంపెనీ డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, ఆ కంపెనీ చిప్‌లకు నకళ్లుగా తయారైనవాటి గుర్తింపు నంబరునే సున్నా చేసేసింది. నిన్నటిదాకా పనిచేసిన కన్వర్టర్ ఆ పూట నుంచి కంప్యూటర్‌కి కనబడలేదు. లక్షల యంత్రానికి రెండు వందల ముక్క తగిలించవద్దని కొనుగోలు కమిటీల్లో ఉండే పెద్దలకు మనవి.

మూడో జబ్బు అసలుది. డైరీలో కెర్నల్-పవర్ 41 అని ఉండేది. సరిగా షట్‌డౌన్ కాకుండా కంప్యూటర్ హఠాత్తుగా ఆగి లేచిందని దాని అర్థం. నీలి తెర వచ్చి ఆగితే దానితో పాటు ఒక తప్పు నంబరు కూడా ఉంటుంది, మినీడంప్ అనే ఫైలు మిగులుతుంది. మా దగ్గర నంబరు సున్నా, ఫైలు లేదు. అంటే విండోస్‌కి ఏం జరిగిందో రాసుకునే వ్యవధి కూడా లేదు. ఎవరో ప్లగ్గు పీకి పెట్టినట్టు. మరి కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది. ఆ సమయాల్లో కరెంటు పోలేదు.

అలాంటివి 31 దొరికాయి. సమయాలు వరసగా రాసుకుంటే ఎక్కువభాగం ఉదయం 10కీ 10.30కీ మధ్య, మధ్యాహ్నం 2 దాటాక. రాత్రి ఒక్కటీ లేదు. ఆదివారం ఒక్కటీ లేదు. జూలై నుంచి అక్టోబర్ దాకా నాలుగు నెలల్లో రెండే. మళ్లీ జనవరి చివర నుంచి పెరుగుతూ వచ్చాయి. ఇన్నాళ్లూ ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతోందని అందరికీ చెబుతూ వచ్చాను. కాగితం మీద చూస్తే ఆఫీసుకు వచ్చినట్టు టైముకు వస్తోంది.

ఉదయం 10 తర్వాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా విభాగంలో మొదలయ్యేవి ఏమిటి? నోటుపుస్తకంలో పక్క గది గడి చూశాను. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాసుకున్న తొమ్మిదింటిలో ఎనిమిది సార్లు ఒకటే మాట ఉంది: ఫ్లోరిమీటర్ ఆన్.

పదార్థం మీద వెలుతురు వేసి, అది తిరిగి వెదజల్లే వెలుగును కొలిచే యంత్రం ఫ్లోరిమీటర్. అందులో 150 వాట్ల జినాన్ దీపం ఉంటుంది. ట్యూబ్‌లైటు లాగా మెల్లగా వెలగదు. రెండు లోహపు మొనల మధ్య మెరుపు పుట్టించడానికి దాని సప్లై ఒక్క క్షణం వేల వోల్టుల దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ తీగల్లోకీ, గాల్లోకీ పాకుతుంది. నేను చేరిన కొత్తల్లో మా విభాగంలో ఉన్న పాత టెక్నీషియన్ గారు నాకు నేర్పిన మొదటి పాఠం, ముందు దీపం, తర్వాత కంప్యూటర్ అని. దీపం వెలిగి నిలదొక్కుకున్నాకే దాని కంప్యూటర్ ఆన్ చేయాలి. ఆయన రిటైరయ్యాక ఆ మాట ఎక్కడా రాసిపెట్టలేదు. ఈనాటి పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఒకవేళ వాళ్లు ఆ పాఠం ప్రకారమే చేసినా వాళ్ల కంప్యూటర్‌కే రక్ష. గోడకు ఇవతల రాత్రి నుంచి నడుస్తున్న మా కంప్యూటర్ సంగతి ఎవరికి తడుతుంది?

కానీ అదే దీపం వానాకాలంలో కూడా రోజూ వెలిగింది కదా? అప్పుడు మా కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ఆ ప్రశ్న దగ్గర వారం రోజులు ఆగిపోయాను. రాత్రి నిద్ర పట్టేది కాదు.

జవాబు చెప్పింది మా ల్యాబ్ ఊడ్చి తుడిచే ఆయమ్మ. మార్చి నెలలో ఒక ఉదయం నేను కేబుళ్లు చూస్తూ కింద కూర్చుని ఉంటే, "బాబూ, ఆ డబ్బా ముట్టుకోమాకండి, జివ్వుమంటది" అంది. సీపీయూ డబ్బా. ఆమె చెప్పులు బయట విడిచి, తడిగుడ్డ పట్టుకుని వస్తుంది. మేమంతా బూట్లతో ఉంటాం కాబట్టి మాకు తెలియలేదు. ఎప్పటి నుంచమ్మా అని అడిగితే, ఎండాకాలం వస్తే అంతే, వానలు పడితే తగ్గుద్ది అంది. ఏడాది పాటు నేను వెతుకుతున్న గడిని ఆమె ఒక్క మాటతో నింపేసింది. ఆమెను నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు నుంచి నోటుపుస్తకంలో ఆమె మాట కూడా రాస్తున్నాను.

డబ్బా జివ్వుమంటే ఎర్త్ లేదని అర్థం. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బాకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రణగొణ కరెంటును ఎర్త్‌లోకి దింపడం వాటి పని. ఎర్త్ తీగ తెగితేనో, భూమితో సంబంధం పోతేనో ఆ డబ్బా సప్లైలో సగం వోల్టేజి మీద తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. మల్టీమీటర్ తెచ్చి మా గది ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూశాను. 27 వోల్టులు. ఎర్త్ బాగుంటే ఒకటి రెండు వోల్టులు దాటకూడదు.

మా బిల్డింగ్ కట్టినప్పటి ఎలక్ట్రీషియన్ పెద్దాయన ఇంకా ఊళ్లోనే ఉన్నారు. ఇంటికి వెళ్లి, "బాబాయ్, మన బ్లాకు ఎర్త్ గుంత ఎక్కడుంది?" అని అడిగాను. ఆయన స్వయంగా వచ్చి వెనక పెరట్లో సైకిల్ స్టాండ్ దగ్గర నిలబడి, "ఇదిగో, నీ కాళ్ల కింద" అన్నారు. ఆ జాగా అంతా టైల్స్. రెండేళ్ల కింద పెద్దలు చూడడానికి వస్తున్నారని పెరడంతా అందంగా పరిచినప్పుడు గుంత మూత కూడా టైల్స్ కిందికి వెళ్లిపోయింది. బొగ్గు, ఉప్పు పొరలు పోసి పాతిన గుంతకు తడి ఉండాలి. ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. మట్టి ఎండితే కరెంటు భూమిలోకి దిగదు. వానాకాలంలో టైల్స్ సందుల్లోంచి నీళ్లు ఇంకితే ఎర్త్ కొంత బతికేది. ఎండ ముదిరితే చచ్చిపోయేది. మా కంప్యూటర్ కూడా అలాగే బతికింది, అలాగే చచ్చింది.

ఇంకొక సంగతి కలిసింది. కంప్యూటర్ యూపీఎస్ లైను మీద, హెచ్‌పీఎల్‌సీ స్టెబిలైజర్ మీద, ఫ్లోరిమీటర్ గోడకు అవతల అదే స్టెబిలైజర్ లైను మీద ఉన్నాయి. రెండు లైన్లకూ ఎర్త్ సరిగా లేదు. రెండిటినీ కలిపే ఒకే ఒక్క దారి ఆ డేటా కేబుల్. ఆర్‌ఎస్-232 కేబుల్‌లో ఒక తీగ రెండు యంత్రాల గ్రౌండ్‌ను నేరుగా కలుపుతుంది, మామూలు యూఎస్‌బీ కన్వర్టర్‌లో అడ్డుగోడ ఏమీ ఉండదు. దీపం వెలిగినప్పుడు భూమిలోకి పోవాల్సిన దెబ్బ ఆ సన్నటి తీగలోంచి కంప్యూటర్ మదర్‌బోర్డులోకి పోయింది.

ఊహను నమ్మి మళ్లీ ఒకటి మార్చేయకూడదని ఈసారి పరీక్ష పెట్టాను. ఒక ఆదివారం ఆ అమ్మాయి, ఫ్లోరిమీటర్ వాడే ఇంకో విద్యార్థి, నేను వచ్చాం. వెలిగించిన ప్రతిసారీ దీపం ఆయుష్షు కొంత తగ్గుతుంది, వేడి మీద మళ్లీ వెలిగించకూడదు. అందుకని అరగంటకోసారి, మొత్తం పదిసార్లే. కేబుల్ తగిలించి ఐదుసార్లు వెలిగిస్తే మూడుసార్లు మా కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. కేబుల్ పీకి ఐదుసార్లు వెలిగిస్తే ఒక్కసారి కూడా కాలేదు. మూడోసారి రీస్టార్ట్ అయినప్పుడు ఆ పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. కంప్యూటర్ ఆగిపోయినందుకు మా ల్యాబ్‌లో సంతోషపడింది ఆ ఒక్కసారే.

టైల్స్ పగలగొట్టడానికి అనుమతి రావడానికి ఐదు వారాలు పట్టింది. నాలుగు టైల్స్. గుంత తవ్వి, తుప్పు పట్టిన పట్టీ మార్చి, కొత్తగా బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్లు పోయడానికి గొట్టం పైకి తెచ్చి మూత పెట్టారు. న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజి ఒకటిన్నరకు వచ్చింది. హెచ్‌పీఎల్‌సీ, దాని కంప్యూటర్ రెండూ ఒకే యూపీఎస్ లైను మీదకు మార్చాం. సీరియల్ తీగ మధ్యలో ఆప్టికల్ ఐసొలేటర్ పెట్టాం. సంకేతాన్ని వెలుతురుగా మార్చి దాటించే చిన్న పెట్టె అది. తీగకు తీగ తగలదు కాబట్టి దెబ్బ దాటలేదు. ఈ మొత్తం ఖర్చు మేం అంతకు ముందు ర్యామ్‌లకూ, ఎస్‌ఎంపీఎస్‌కూ, ఫార్మాట్లకూ పెట్టినదానికంటే తక్కువ. 2024 మే తర్వాత నోటుపుస్తకంలో కెర్నల్-పవర్ 41 ఒక్కటే ఉంది. అది యూపీఎస్ బ్యాటరీలు పోయిన రోజుది.

అయ్యా, ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. ఆ అమ్మాయి 14 నెలలు పోగొట్టుకుంది. ఫెలోషిప్‌కి గడువు ఉంటుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఇంకెన్నాళ్లు చదువు అంటారు. కంప్యూటర్ హ్యాంగైంది అని చెబితే గైడ్ గారికి కూడా మొదట సాకులానే వినబడింది. ఆ టెన్షన్ ఏ లెక్కలోనూ కనబడదు.

మా కాలేజీ ఒక్కటే ఇలా ఉందనుకోను. తెలిసిన టెక్నీషియన్లతో మాట్లాడితే ఎవరి కథ వాళ్లకుంది. ఒకచోట యంత్రం ఇరవై ఏళ్లది, బాగా పనిచేస్తోంది. దాన్ని నడిపే కార్డు పీసీఐ స్లాటుకే పెట్టాలి. కొత్త మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఆ స్లాటు లేదు. దాని సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ దాటి రాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆగిపోయాయి. యంత్రం ఆయుష్షు ఇరవై ఏళ్లు, దాని కంప్యూటర్ ఆయుష్షు ఏడెనిమిదేళ్లు. కొనేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయడం లేదు. ఇంకొకచోట మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి, మూత తీసి చూసినవాళ్లు లేరు. పాత విండోస్ 95, 98లలో మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 49.7 రోజులకు నిండిపోయి కంప్యూటర్ బిగుసుకుపోయేది. అలాంటి లెక్క పెట్టుకున్న పాత కంట్రోల్ ప్రోగ్రాములు ఇప్పటికీ ల్యాబుల్లో ఉండే అవకాశం ఉంది. యాభయ్యో రోజున ఆగిందని తెలియాలంటే మొదటి రోజు ఎప్పుడో ఎవరో రాసి ఉండాలి.

యూజీసీ ఒకప్పుడు విశ్వవిద్యాలయాల్లో యూసిక్ పేరుతో పరికరాల కేంద్రాలను పెట్టించింది. యంత్రాలు బాగుచేయడం, టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వడం వాటి పని. నేను అలాంటి చోట ఒకసారి శిక్షణకు వెళ్లాను. ఆసిల్లోస్కోప్ పట్టుకోవడం, ఎర్త్ చూడడం అక్కడే నేర్చుకున్నాను. ఆ పద్ధతి మళ్లీ బలపడాలి. అనుబంధ కాలేజీల టెక్నీషియన్లకు కూడా అక్కడ ఏటా నాలుగు రోజులు చోటివ్వాలి. ఖాళీ పోస్టులు నింపమని ఎప్పుడూ అడుగుతూనే ఉన్నాం. యంత్రం కొనడానికి నిధులిచ్చే ప్రభుత్వం, దాని పక్కన నిలబడే మనిషికి జీతం ఇవ్వడానికి ఎందుకు వెనకాడుతుందో నాకు అర్థం కాదు. సర్వీసు కాంట్రాక్టు రాసేటప్పుడు యంత్రం, దాని కంప్యూటర్, మధ్య తీగ, ప్లగ్గు అన్నీ ఒకే కాగితంలో ఉండేటట్టు చూడాలి. రెండు కాగితాల మధ్య పడి మేం ఎనిమిది నెలలు నలిగిపోయాం.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఈసారి ఏ కాలేజీలోనైనా కొత్త ల్యాబ్ ప్రారంభానికి వెళితే, బిల్డింగ్ ఎర్త్ గుంత చూపించమని అడగండి. చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడగండి. యంత్రం పక్కన నోటుపుస్తకం ఉందో లేదో చూడండి. మీరు అడిగితే వాళ్లు మర్నాడే వెతుకుతారు. మేం అడిగితే ఐదు వారాలు పడుతుంది.

ఆ అమ్మాయి థీసిస్ ఇచ్చింది. కృతజ్ఞతల పేజీలో మా ఆయమ్మ పేరు రాసింది. ఎండాకాలంలో శనివారం శనివారం గుంతలో రెండు బకెట్ల నీళ్లు ఆయమ్మే పోస్తుంది, పోసినట్టు నోటుపుస్తకంలో టిక్కు పెడుతుంది. గోదావరి జిల్లాల్లో ఏ కాలేజీ వాళ్లకైనా ఇలాంటి తిప్పలుంటే కబురు పెట్టమనండి. నా మల్టీమీటర్, గళ్లు గీసిన ఒక ఖాళీ నోటుపుస్తకం పట్టుకుని ఆదివారం బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
తూర్పు గోదావరి జిల్లా